ఫ్రిజ్ ఆగితే ముందు వైరు చూడండి
(విశాఖపట్నంలో క్యాంపర్ వ్యాన్ యజమానుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారమండి. నేను ఆటోనగర్‌లో బండ్లకు వైరింగ్ చేస్తాను. ఈమధ్య మన ఊళ్లో, లోపలే పడుకుంటూ, ఫ్రిజ్ పెట్టుకుని తిరిగే క్యాంపర్ వ్యాన్‌లు పెరిగాయి. కుటుంబంతో అరకు వెళ్లేవాళ్లు, భీమిలి వైపు రెండు రాత్రులు ఉండి వచ్చేవాళ్లు, పిల్లలకు సెలవులిస్తే ఒడిశా దాకా పోయేవాళ్లు వస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఒకటే: "ఫ్రిజ్ పని చెయ్యట్లేదండి, కంప్రెసర్ పోయినట్టుంది." నిజంగా కంప్రెసర్ పోయిన ఫ్రిజ్‌లు చాలా తక్కువ. ఎక్కువసార్లు ఫ్రిజ్ బాగానే ఉంటుంది, దాని దాకా రావాల్సిన కరెంటే సరిగ్గా రాదు. అందుకే ఈరోజు ఫ్రిజ్ గురించి కంటే దాని వెనక ఉన్న వైరు గురించి ఎక్కువ మాట్లాడతాను.

ఇంట్లో కరెంటు 230 వోల్టులు. వైరులో ఒక వోల్టు పోయినా ఎవరికీ తెలియదు. వ్యాన్‌లో మనకున్నవి 12. అందులో ఒక వోల్టు పోయిందంటే వందకు ఎనిమిది వంతులు పోయినట్టు. ఇంటి వైరింగ్ బాగా తెలిసిన ఎలక్ట్రీషియన్లు కూడా వ్యాన్ దగ్గర ఇక్కడే పొరపాటు పడతారు. ఇంట్లో లైట్లకు వాడే 1 ఎం.ఎం. వైరు తెచ్చి, "5 ఆంపియర్లే కదా, ఈ వైరే ఎక్కువ" అని ఫ్రిజ్‌కు లాగేస్తారు. వేడెక్కకుండా 5 ఆంపియర్లు మోయడం ఆ వైరుకు చేతనవుతుంది, నిజమే. వోల్టేజీ మాత్రం మిగలదు.

లెక్క చూద్దాం. బ్యాటరీ ముందు సీటు కింద ఉంది, ఫ్రిజ్ వెనక తలుపు దగ్గర ఉంది. దూరం 6 మీటర్లు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి వైరు 12 మీటర్లు. ఈ తిరుగు దారిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు (మనం 1 ఎం.ఎం. అనేది ఇదే) మీటరుకు 0.0172 ఓమ్‌ల అడ్డు పెడుతుంది. 12 మీటర్లకు 0.2 ఓమ్‌లు. ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగితే దారిలోనే 1 వోల్టు పోయింది. అదే దూరానికి 2.5 ఎం.ఎం. వేస్తే పోయేది 0.4 వోల్టు. 4 ఎం.ఎం. వేస్తే పావు వోల్టు. 6 ఎం.ఎం. అయితే 0.17. నేను మధ్యసైజు ఫ్రిజ్‌కు 6 ఎం.ఎం. వేస్తాను. "అంత లావు వైరా" అని అడుగుతారు. మొత్తం వ్యాన్ ఖర్చులో ఆ తేడా ఎంత చెప్పండి?

ఈ వోల్టు పోతే ఏమవుతుందో చూడండి. వ్యాన్‌లో వాడే కంప్రెసర్ ఫ్రిజ్‌లలో బ్యాటరీని కాపాడే ఏర్పాటు ఉంటుంది. వోల్టేజీ ఒక గీత కంటే కిందికి దిగితే ఫ్రిజ్ తనంతట తానే ఆగిపోతుంది. హెచ్ (హై), ఎం (మీడియం), ఎల్ (లో) అని మూడు స్థాయిలు ఉంటాయి. హెచ్‌లో పెడితే చాలా ఫ్రిజ్‌లు 11 వోల్టుల దగ్గర ఆగుతాయి, కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. బ్యాటరీ దగ్గర 12 ఉంది. దారిలో 1 పోయింది. ఫ్రిజ్‌కు కనిపించేది 11. ఆగిపోయింది. ఆగిన మరుక్షణం కరెంటు ప్రవహించడం లేదు కాబట్టి దారిలో నష్టమూ లేదు, ఫ్రిజ్ దగ్గర మళ్లీ 12 కనిపిస్తుంది. కాసేపటికి కంప్రెసర్ మొదలవుతుంది. మళ్లీ 11. మళ్లీ ఆగుతుంది. రాత్రంతా ఇదే వరస. ఫ్రిజ్ నిమిషానికోసారి టక్కుమంటూ మొదలై ఆగిపోతోందంటే నూటికి తొంభై పాళ్లు అది వైరు జబ్బే.

దీన్ని పట్టుకోవడానికి వోల్టులు కొలిచే ఒక మల్టీమీటరు చాలు. కానీ ఎప్పుడు చూస్తున్నామన్నదే అసలు విషయం. ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి, సాకెట్లో మీటరు పెట్టి, "12.6 ఉందండి, కరెంటు బాగానే వస్తోంది" అంటారు. ఏమీ లాగకుండా చూస్తే తుప్పుపట్టిన వైరు కూడా 12.6 చూపిస్తుంది. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు చూడాలి. మీటరును డీసీ (బ్యాటరీ కరెంటు) 20 వోల్టుల మీద పెట్టండి. ముందు బ్యాటరీ టెర్మినల్స్ మీద చూసి రాసుకోండి. తర్వాత ఫ్రిజ్ వెనక, కరెంటు లోపలికి వెళ్లే చోట చూడండి. రెండింటి మధ్య తేడా 0.4 కంటే ఎక్కువ ఉంటే, ఫ్రిజ్ స్క్రూలు విప్పాల్సిన పని లేదు.

ఆ నష్టం ఎక్కడ జరుగుతోందో కూడా ఇదే మీటరు చెబుతుంది. ఒక ప్రోబు (మీటరు వైరు కొసన ఉండే సూది) బ్యాటరీ ప్లస్ మీద, రెండోది ఫ్రిజ్ ప్లస్ మీద పెట్టండి. మీటరు వైరు చాలకపోతే ఒక పొడవాటి వైరు ముక్క కలుపుకోండి. ఇప్పుడు మీటరు చూపించేది నేరుగా ప్లస్ దారిలో పోతున్న వోల్టేజీ. అలాగే మైనస్ నుంచి మైనస్‌కు చూడండి. ఏ దారిలో ఎక్కువ పోతుంటే ఆ దారిలో ఫ్యూజు హోల్డర్, స్విచ్, జాయింట్, లగ్గు (వైరు కొసకు నొక్కే లోహపు తొడుగు) ఒక్కొక్కటిగా దాటుకుంటూ ప్రోబును దగ్గరికి తెచ్చుకోండి. అంకె ఒక్కసారిగా తగ్గిందంటే, ఇప్పుడే దాటిన జాయింటే దొంగ. ఇంకో జాగ్రత్త: ఎర్ర ప్రోబు వైరు, మీటరు మీద కరెంటు కొలవడానికి ఉండే 10 ఆంపియర్ల సాకెట్లో లేదని చూసుకున్నాకే బ్యాటరీ మీద పెట్టండి. అందులో ఉంటే బ్యాటరీని షార్ట్ చేసినట్టే.

ఎక్కువగా దొరికే దొంగ సిగరెట్ సాకెట్. అది సిగరెట్ వెలిగించే కాయిల్‌ను ఒక్క నిమిషం వేడెక్కించడానికి పుట్టింది, రోజంతా ఫ్రిజ్ నడపడానికి కాదు. లోపల ఒక స్ప్రింగు, దాని కొసన చిన్న బొడిపె, అంతే ఆధారం. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు బండి ఊగిన ప్రతిసారీ ఆ బొడిపె కదులుతుంది. కదిలిన చోట మసి పడుతుంది, మసి పడిన చోట వేడెక్కుతుంది. ఓ గంట ఫ్రిజ్ నడిచాక ప్లగ్గు పీకి వేలితో తాకి చూడండి. చురుక్కుమంటే ఆ సాకెట్‌ను ఈ వారమే మార్చండి. బిగించి లాక్ అయ్యే ప్లగ్గు గానీ, ఎక్కువ కరెంటు మోసే ఆండర్సన్ కనెక్టర్ గానీ పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కు విడిగా ఒక లైను లాగించండి. ఆ లైను మీద ఇంకేమీ తగిలించవద్దు.

మన ఊరి సంగతి ఒకటుంది, హైదరాబాద్‌లో వ్యాన్ కట్టేవాళ్లకు ఇది తట్టదు. ఉప్పు గాలి. బీచ్ రోడ్డులోనో, రుషికొండలోనో, యారాడలోనో రాత్రంతా బండి నిలిపితే తెల్లారేసరికి అద్దాల మీద ఉప్పు పొర తెలుస్తుంది. అదే గాలి వైరు కొసల్లోకీ పోతుంది. రాగి పచ్చబడుతుంది, పైన టేపు చుట్టి ఉంటే లోపల ఏం జరుగుతోందో కనిపించదు. ఒక వైరు కొసను ఒలిచి చూస్తే లోపల రెండు మూడు అంగుళాల దాకా నల్లగా మారి ఉంటుంది. ఆ నల్లని భాగానికి కొత్త లగ్గు పెట్టినా లాభం లేదు, మెరిసే రాగి వచ్చేదాకా కోసెయ్యాలి. సముద్రం మీద తిరిగే పడవలకు టిన్ పూత ఉన్న రాగి వైరు వాడటం పద్ధతి. మన వ్యాన్‌కు కూడా అదే మంచిదని నా అభిప్రాయం. జాయింట్ల మీద టేపు బదులు, వేడి చేస్తే లోపల జిగురు కరిగి మూసుకుపోయే హీట్ ష్రింక్ గొట్టాలు వెయ్యండి. లగ్గులను సరైన క్రింపింగ్ టూలుతో నొక్కించండి. సోల్డరింగ్ బలమైనదనుకుంటారు కానీ, సోల్డర్ ఎక్కిన దగ్గర వైరు బిర్రుగా అయిపోయి, బండి అదురుకు సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది.

మైనస్ సంగతీ ఇంతే. బండి బాడీనే మైనస్‌గా వాడటం పాత అలవాటు. లైట్లకు, హారన్‌కు సరిపోతుంది. తుప్పు పట్టే ఊళ్లో ఫ్రిజ్‌కు మాత్రం మైనస్ వైరును కూడా బ్యాటరీ దాకా లాగాలి. ఇక ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది ఫ్రిజ్‌ను కాదండి, వైరును. ఫ్యూజు ఫ్రిజ్ పక్కన పెట్టి, ఆ 6 మీటర్ల వైరు సీటు కింద ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగిలితే, దాన్ని ఆపేవాళ్లు లేరు. మీ కుటుంబం పడుకునే చోటు అది.

[సభలో ఒకరు: మా వ్యాన్‌లో ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ పెట్టారు. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు: ఒక ఆంపియరు గంటసేపు ఇస్తే 1 ఏహెచ్). బాగానే నడుస్తోంది. ఉంచెయ్యొచ్చా?]

మీకు సూటిగా చెబుతాను సార్, తీసెయ్యండి. ఇంటి వరండాలో అది మంచి బ్యాటరీ. ఛార్జ్ అయ్యేటప్పుడు మండే హైడ్రోజన్ వదులుతుంది, ఘాట్‌లో ఒరిగితే యాసిడ్ చిందుతుంది. మూసిన తలుపుల మధ్య మనుషులు పడుకునే చోట అది ఉండకూడదు. అదే లెడ్ యాసిడ్ రకమే కావాలంటే, యాసిడ్ చిందకుండా సీల్ చేసిన ఏజీఎం బ్యాటరీ తీసుకోండి. డబ్బు పెట్టగలిగితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. లెడ్ యాసిడ్‌లో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. లిథియంలో వందకు ఎనభై పైనే వాడుకోవచ్చు. అంటే 100 ఏహెచ్ లెడ్ యాసిడ్‌లో మీ చేతికొచ్చేది 50, లిథియంలో 80 పైన.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీని కొన్ని గంటలు కదపకుండా ఉంచి చూస్తే 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం. లిథియంకు ఈ లెక్క పని చెయ్యదు. నిండుగా ఉన్నదీ సగమైనదీ కూడా 13.2 దగ్గరే ఆడుతుంది, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే దానికి షంట్ (వచ్చే, పోయే కరెంటును కొలిచే ముక్క) పెట్టిన బ్యాటరీ మానిటర్ కావాలి, వోల్టు మీటరు చూసి ధైర్యంగా ఉండొద్దు. లంబసింగి వెళ్లేవాళ్లకు ఇంకో మాట: డిసెంబర్, జనవరి తెల్లవారుజామున అక్కడ చలి సున్నాకు దగ్గరగా వెళ్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌ను సున్నా కంటే తక్కువ చలిలో ఛార్జ్ చెయ్యకూడదు, లోపల శాశ్వతంగా దెబ్బతింటాయి. చలిలో ఛార్జింగ్‌ను ఆపేసే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) ఉందో లేదో కొనేటప్పుడే అడగండి.

మరి రోజుకు ఎంత కావాలి? 40, 50 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 4 నుంచి 5 ఆంపియర్లు లాగుతుంది. చలికాలంలో గంటలో పావు భాగం నడిస్తే చాలు. మే నెలలో, ఎండలో నిలిపిన వ్యాన్‌లో సగం సేపు నడుస్తుంది. 5 ఆంపియర్లు, 12 గంటలు, అంటే 60 ఏహెచ్. లెడ్ యాసిడ్ 100 ఏహెచ్ పెట్టుకున్నవాళ్లకు ఒక్క రోజు కూడా నిండదు. ఇది ఫ్రిజ్ లోపమూ కాదు, బ్యాటరీ లోపమూ కాదు.

ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ నుంచి ఛార్జింగ్ దగ్గర ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో చాలావాటికి స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉంటుంది. డీజిల్ ఆదా కోసం కంప్యూటరు దాని వోల్టేజీని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. పాత పద్ధతిలో రిలే (దానంతట అదే పడే స్విచ్) పెట్టి ఇంజిన్ బ్యాటరీని, ఫ్రిజ్ బ్యాటరీని కలిపితే, మూడు గంటలు నడిపినా ఫ్రిజ్ బ్యాటరీ సగం కూడా నిండదు. దానికి, ఆల్టర్నేటర్ వోల్టేజీ మారుతున్నా ఫ్రిజ్ బ్యాటరీకి సరైన వోల్టేజీ ఇచ్చే డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టాలి. 30 ఆంపియర్లది ఉంటే, ఇక్కడి నుంచి అరకు 115 కిలోమీటర్ల దారిలో, మూడు గంటలకు, 90 ఏహెచ్ దాకా ఎక్కుతుంది. ముందు రోజు వాడింది దారిలోనే వెనక్కి వచ్చేసినట్టు. లిథియంకు ఈ ఛార్జర్ తప్పనిసరి. అది లేకపోతే ఆ బ్యాటరీ ఎంత దొరికితే అంత లాగేసి ఆల్టర్నేటర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

సోలార్ మంచిదే. పైన పడుకోబెట్టిన 200 వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున 700 వాట్ అవర్ల దాకా ఇస్తుంది, అంటే 50 ఏహెచ్ పైన. మే నెలలో ఫ్రిజ్‌కు దాదాపు సరిపోతుంది, దాని మీద ఫ్యాను వేస్తే సరిపోదు. జూలై, ఆగస్టులో మబ్బు పట్టిందంటే సగం కూడా రాదు. చల్లగా ఉంటుందని కొబ్బరి చెట్టు కింద నిలుపుతారు. ప్యానెల్ మీద ఒక్క మట్ట నీడ పడినా కరెంటు బాగా పడిపోతుంది. సముద్రం దగ్గర నిలిపితే వారానికోసారి మంచినీళ్లతో ప్యానెల్ కడగండి, ఉప్పు పొర కూడా నీడ లాంటిదే.

[సభలో ఒకరు: ఇంటి చిన్న ఫ్రిజ్‌ను ఇన్వర్టర్ మీద నడపొచ్చు కదా, చవక కదా?]

నడుస్తుందమ్మా, కానీ ఖర్చు మరోవైపు నుంచి వస్తుంది. మామూలు ఇంటి ఫ్రిజ్ మొదలయ్యేటప్పుడు నడిచేదానికి చాలా రెట్లు కరెంటు లాగుతుంది, దాన్ని తట్టుకునే, ఇంటి కరెంటు లాంటి కరెంటే ఇచ్చే ప్యూర్ సైన్ ఇన్వర్టర్ కావాలి. ఆ ఇన్వర్టర్ ఏమీ నడపకపోయినా ఓ ఆంపియరు తింటూనే ఉంటుంది, రోజుకు 24 ఏహెచ్. మీ బ్యాటరీలో పావు వంతు ఎవరికీ ఉపయోగపడకుండా పోతుంది. ఇలా దొంగచాటుగా పోయే కరెంటును, వైరు చుట్టూ పట్టించి చూసే క్లాంప్ మీటరుతో చూడొచ్చు, అయితే డీసీ చూపించే క్లాంప్ మీటరే అడిగి కొనండి. మామూలుది ఏసీ (ఇంటి కరెంటు) మాత్రమే చూపిస్తుంది.

తక్కువ ధరకు దొరికే కూలర్ డబ్బాల గురించి కూడా. కంప్రెసర్ లేకుండా, కరెంటుతో ఒక ప్లేటును చల్లబరిచే పెల్టియర్ డబ్బాలు బయటి వేడి కంటే 15, 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. మన ఎండలో బయట 38 ఉంటే లోపల 20. పాలు విరిగిపోతాయి. పైగా ఆగకుండా కరెంటు లాగుతూనే ఉంటాయి. గ్యాసు మీద నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌లు బండి సమంగా నిలబడితేనే సరిగా పని చేస్తాయి, ఈ ఎండలకు అలిసిపోతాయి. మన ఊరికి కంప్రెసర్ ఫ్రిజే తగినది.

వైరింగంతా బాగున్నా చల్లబడట్లేదంటే అప్పుడు ఫ్రిజ్ దగ్గరికి వద్దాం. ముందు గాలి. కబోర్డులో బిగించి పెట్టి, వేడి బయటికి పోవడానికి సందు వదలకపోతే తను వదిలిన వేడినే తను పీల్చుకుంటుంది. కింద చల్లగాలి లోపలికి రావాలి, పైన వేడి బయటికి పోవాలి. వెనక ఫ్యాను తిరుగుతోందో లేదో చెయ్యి పెట్టి చూడండి. డాన్‌ఫాస్ పేరుతో వచ్చి ఇప్పుడు సెకాప్ పేరుతో వస్తున్న బీడీ35 రకం కంప్రెసర్ల కంట్రోలర్‌కు చిన్న ఎర్ర దీపం పెట్టుకోవచ్చు, కొన్ని ఫ్రిజ్‌లలో అది ముందే ఉంటుంది. ఒకసారి మిణుకుమంటే వోల్టేజీ సమస్య. రెండుసార్లయితే ఫ్యాను ఎక్కువ లాగుతోంది. మూడుసార్లు అంటే కంప్రెసర్ మొదలవ్వలేకపోతోంది. నాలుగు, కనీస వేగం అందుకోలేకపోతోంది. ఐదు, ఎలక్ట్రానిక్స్ వేడెక్కాయి. మూడూ నాలుగూ కనిపించినా సరే, ముందు నడుస్తున్నప్పటి వోల్టేజీ చూడండి. ఐదు కనిపిస్తే గాలి దారి చూడండి.

మనవాళ్లు ఫిషింగ్ హార్బర్ నుంచి వంజరం, రొయ్యలు కొని తెచ్చి నేరుగా వ్యాన్ ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. 30 డిగ్రీల్లో ఉన్న 5 కిలోల చేపను 5 డిగ్రీలకు దించాలంటే తియ్యాల్సిన వేడి 125 వాట్ అవర్లు. చిన్న ఫ్రిజ్‌కు అది రెండు గంటలకు తక్కువ కాని పని, ఈలోపు మిగతా సామాను కూడా వెచ్చబడుతుంది. కిలోన్నర ఐసు అదే వేడిని పూర్తిగా పీల్చుకుంటుంది. ఐసు అక్కడే దొరుకుతుంది. చేపను ముందు ఐసులో చల్లబరిచి తర్వాత ఫ్రిజ్‌లోకి మార్చండి. ఫ్రిజ్‌ను కూడా బయలుదేరే ముందు రాత్రే ఇంటి కరెంటు మీద చల్లబరుచుకోండి.

ఇన్సులిన్ వాడేవాళ్లు ఇంట్లో ఉంటే ఇది జాగ్రత్తగా వినండి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. గడ్డకట్టి కరిగినది వాడకూడదు. ఫ్రిజ్ డిస్‌ప్లే చూపించే అంకెను నమ్మకండి, అది సెన్సార్ ఉన్న చోటి వేడి. లోపల విడిగా ఒక చిన్న థర్మామీటరు పెట్టండి, మందును చల్లటి గోడకు ఆనించకుండా డబ్బాలో మధ్యన ఉంచండి.

చివరగా బయటి నుంచి 230 వోల్టులు తీసుకునేటప్పుడు. లాడ్జి వెనకో, చుట్టాల ఇంట్లోనో ఎక్స్‌టెన్షన్ లాగుతాం. వ్యాన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పకుండా ఉండాలి. బండంతా ఇనుము, కింద తడి నేల. ఎర్త్ లేని సాకెట్‌కు తగిలిస్తే, లోపల ఎక్కడైనా లీకైన రోజు తలుపు పట్టుకున్న మనిషికే షాక్ కొడుతుంది. చిన్న సాకెట్ టెస్టర్ పెట్టి ఎర్త్ ఉందో లేదో చూశాకే ప్లగ్గు పెట్టండి. వైరు చుట్ట ఉన్న ఎక్స్‌టెన్షన్ అయితే మొత్తం విప్పి పరచండి, చుట్టలో ఉంటే వేడెక్కి కరిగిపోతుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక ఈ ఊళ్లో కరెంటు లేని రోజులు మీకందరికీ గుర్తే. ఇప్పుడు ఫ్రిజ్, బ్యాటరీ, సోలార్ ఉన్న వ్యాన్ వాకిట్లో ఉంటే, అలాంటి రోజుల్లో ఇంటివాళ్ల మందులు, పసిపిల్లల పాలు, నాలుగు ఫోన్లు దాని మీద గడుస్తాయి. తుపాను హెచ్చరిక రాగానే బ్యాటరీ నిండుగా ఛార్జ్ చేసి, ఫ్రిజ్ చల్లబరిచి, బండిని చెట్లకూ హోర్డింగులకూ దూరంగా నిలపండి.

బయట నాలుగు వ్యాన్‌లు నిలిపారు, ఫ్రిజ్‌లు నడుస్తున్నాయి. మీటర్లు తెచ్చుకున్నవాళ్లు రండి, ఒక్కొక్క బండిలో బ్యాటరీ దగ్గర ఎంత ఉందో, ఫ్రిజ్ దగ్గర ఎంత ఉందో చూద్దాం. తేడా 0.4 దాటిన బండి యజమాని ఉంటే అక్కడే ఆగి, ఏ జాయింటో వెతుకుదాం.